తెల్లారకముందే కొలవాలి: చెరువులో కలిసే ఒక నాలా పని డైరీ

చోటు: మూసీ పరీవాహకంలో, హైదరాబాద్ శివారు కాలనీల మధ్య నుంచి పారి చెరువులో కలిసే నాలా. పొడవు దాదాపు కిలోమీటరున్నర. కాగితాల మీద ఇది వరద కాలువ, అంటే వాన నీళ్లకే. అయినా మే నెలలో కూడా ఎండదు. వాన లేనప్పుడు పారే ఈ నీళ్లు ఎక్కడివన్నదే మొదటి ప్రశ్న. మూసీదీ ఇదే కథ. ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) నీటిని పట్టి ఉంచుతాయి కాబట్టి ఎండాకాలంలో నగరం నడుమ మూసీలో కనిపించేది చాలావరకు నాలాలు తెచ్చి పోసిన మురుగే. నదిని బాగుచెయ్యాలంటే పని మొదలుపెట్టాల్సింది ఇలాంటి సన్న కాలువల దగ్గరే.

మొదట అనుకున్న పని చెరువు ముఖం దగ్గర నీళ్లను శుభ్రం చేసే మొక్కల తెప్పలు (నీటి మీద తేలే చట్రంలో నాటిన మొక్కలు) వెయ్యడం. కొలతలు మొదలయ్యాక ఆ వరస మారింది. ఎలా మారిందో కింద ఉంది.

1వ వారం: పాయింట్లు, జాగ్రత్తలు

నాలుగు పాయింట్లు గుర్తుపెట్టాం. 1: ఎగువ కల్వర్టు. 2: కాలనీ పైపులు దిగే మలుపుకు ముందు. 3: ఆ మలుపు దాటాక, గుడి వెనక మెట్లు. 4: చెరువులో కలిసే ముఖం. ప్రతి చోటా గోడ మీద ఆయిల్ పెయింటుతో గీత గీసి అంకె వేశాం. నమూనా ప్రతిసారీ అదే గీత దగ్గర తియ్యాలి. రెండు మీటర్లు పక్కకు జరిగినా, పైపు నీళ్లు ఇంకా కలవని పాయలో మగ్గు ముంచితే రీడింగు తప్పుదారి పట్టిస్తుంది.

నాలాలోకి దిగడం లేదు. రెండు మీటర్ల పీవీసీ పైపు చివర మగ్గు బిగించి గట్టు మీంచే తీస్తున్నాం. గమ్‌బూట్లు, మోచేతి దాకా గ్లౌజులు తప్పనిసరి. వానలు పడ్డాక ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ప్రమాదం పెరుగుతుంది కాబట్టి కాలికి చిన్న పుండు ఉన్నా ఆ రోజు పని మానుకోవాలి. మ్యాన్‌హోల్ మూత తీసి లోపలికి తొంగిచూడటం కూడా వద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. రక్షణ సామగ్రి లేకుండా మనుషులను మురుగు గుంతల్లోకి దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఈ ప్రాజెక్టులో ఏ కారణానికైనా, ఎవరు అడిగినా అది జరగదు.

2వ వారం: ఆక్సిజన్, ముందుగా గడియారం

నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) ఎంతో చెప్పేటప్పుడు ఏ గంటకు తీశారో రాయకపోతే ఆ అంకె పనికిరాదు. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి నాచూ బాక్టీరియా కలిసి దాన్నే పీలుస్తాయి. అందుకే చెరువులో చేపలు తెల్లవారుజామునే చచ్చి తేలతాయి. మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే అదే చెరువు ఆరోగ్యంగా కనిపిస్తుంది. కొలతల వేళ ఉదయం 5 నుంచి 6 లోపు అని ఖరారు చేశాం. పోలికకు అదే రోజు మధ్యాహ్నం 3 గంటలకు ఇంకోసారి.

డీఓ మీటరు ఉన్నా, వారానికి ఒకసారి వింక్లర్ పద్ధతిలో, అంటే రసాయనాలతో ఆక్సిజన్ కొలిచి, సరిచూస్తున్నాం. 300 మి.లీ. బీఓడీ సీసాను అడుగు దాకా ట్యూబు పెట్టి నింపి, రెండు సీసాల నీళ్లు పొర్లిపోయేదాకా ఉంచాలి. బుడగ ఒక్కటి మిగిలినా ఆక్సిజన్ ఎక్కువ చూపిస్తుంది. మాంగనీస్ సల్ఫేట్ 2 మి.లీ., ఆల్కలీ-అయొడైడ్-అజైడ్ 2 మి.లీ., రెండూ పిపెట్ మొన నీళ్లలో మునిగి ఉండగానే వదలాలి. బిరడా పెట్టి పదిహేనుసార్లు తలకిందులు చేసి, సగం దిగాక మళ్లీ కలపాలి. దిగిన ముద్ద గోధుమ రంగులో ఉంటే ఆక్సిజన్ ఉన్నట్టు. తర్వాత గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మి.లీ., ముద్ద కరిగాక 203 మి.లీ. తీసి 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చెయ్యాలి, అంటే రంగు పోయేదాకా దాన్ని చుక్క చుక్కగా కలపాలి. 200 కాకుండా 203 ఎందుకంటే, మొదటి రెండు రసాయనాలు కలిసి 4 మి.లీ. నమూనాను బయటికి తోసేశాయి. ఈ లెక్కన ఖర్చయిన ఒక్కో మి.లీ. థయోసల్ఫేట్‌కు లీటరుకు 1 మి.గ్రా. ఆక్సిజన్.

రంగు ఎక్కడ పోయిందో స్పష్టంగా తెలియడానికి వేసే స్టార్చ్ (అయొడిన్‌తో నీలంగా మారుతుంది) విషయంలో తొందరపడొద్దు. ద్రావణం లేత గడ్డి రంగుకు వచ్చాకే వెయ్యాలి. ముందే వేస్తే అయొడిన్ దాన్ని పట్టుకుని వదలదు, నీలం ఎక్కడ పోయిందో తేలదు. థయోసల్ఫేట్ నిల్వ ఉంటే బలం తగ్గుతుంది కాబట్టి పొటాషియం డైక్రోమేట్‌తో వారం వారం సరిచూడాలి. అజైడ్‌లో ఆమ్లం కలిస్తే విషవాయువు వస్తుంది, గాలి ఆడే చోటే చెయ్యాలి, కళ్లద్దాలు ఉండాలి. వాడిన రసాయనాలన్నీ మూత ఉన్న డబ్బాలోకి పోవాలి. వాటిని మళ్లీ నాలాలో పొయ్యడమంత తప్పు పని ఇంకోటి లేదు.

మూడో పాయింటు సీసాలో తెల్లవారుజామున ముద్ద గోధుమ రంగు ఎక్కనేలేదు. పాలు విరిగినట్టు తెల్లగా, బరువుగా అడుక్కి దిగింది. అంటే ఆక్సిజన్ సున్నా. టైట్రేషన్ దాకా వెళ్లక్కర్లేదు, సీసా ఎత్తి వెలుతురుకు పెడితే చాలు.

మీటరు విషయంలో ఇక్కడి వాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి పీడనం తక్కువ కాబట్టి నీరు పట్టుకోగల ఆక్సిజన్ కూడా తక్కువ. 25 డిగ్రీల దగ్గర సముద్రతీరంలో సంతృప్త విలువ 8.26 మి.గ్రా. అయితే ఇక్కడ సుమారు 7.7. మీటరులో ఎత్తు నమోదు చెయ్యకుండా క్యాలిబ్రేట్ చేస్తే ప్రతి రీడింగూ ఆరు శాతం ఎక్కువ చూపిస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొలమానంలో స్నానానికి పనికొచ్చే నీళ్లకు డీఓ కనీసం 5, చేపలు బతకడానికి కనీసం 4 ఉండాలి. హద్దు దగ్గర ఉన్న నీటి విషయంలో ఆరు శాతం తేడా తీర్పునే మార్చేస్తుంది.

3వ వారం: ప్రవాహం

లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అన్నంత మాత్రాన కాలుష్యం ఎంతో తేలదు. రోజుకు ఎన్ని లీటర్లు పారుతున్నాయో కూడా కావాలి. పరికరం ఖర్చు లేని పద్ధతి: నాలా తిన్నగా ఉన్న చోట 5 మీటర్లు కొలిచి రెండు తాళ్లు అడ్డంగా కట్టడం, పైనుంచి తొక్క తియ్యని కమలాపండు వదలడం, సెకన్లు లెక్కపెట్టడం. కొబ్బరి చిప్పో ఖాళీ సీసానో వదిలితే గాలి నెట్టేస్తుంది. కమలాపండు ముప్పాతిక మునిగి నీటి వేగంతోనే పోతుంది. నాలా మధ్యలో, రెండు పక్కలా కలిపి కనీసం ఆరుసార్లు వదిలి సగటు తియ్యాలి. పైనీటి వేగం అడుగునీటి వేగం కంటే ఎక్కువ కాబట్టి 0.85తో గుణించాలి.

లెక్క ఇలా ఉంటుంది. వెడల్పు 1.2 మీటర్లు, సగటు లోతు 10 సెం.మీ. అయితే అడ్డుకోత 0.12 చదరపు మీటర్లు. 5 మీటర్లకు 20 సెకన్లు పడితే వేగం సెకనుకు 0.25 మీ., 0.85తో గుణిస్తే 0.21 చిల్లర. ప్రవాహం సెకనుకు 25 లీటర్ల పైచిలుకు, రోజుకు 22 లక్షల లీటర్లు. బీఓడీ (మురుగును కుళ్లబెట్టడానికి బాక్టీరియా పీల్చే ఆక్సిజన్) లీటరుకు 40 మి.గ్రా. అనుకుంటే రోజుకు 88 కిలోల ఆక్సిజన్‌ను పీల్చే మురుగు చెరువులోకి దిగుతున్నట్టు.

మొక్కల తెప్ప చదరపు మీటరుకు రోజుకు తీసెయ్యగలిగేది గ్రాముల్లో. కిలోల్లో కాదు. రెండు తెప్పలు కలిపి నాలుగు చదరపు మీటర్లు. ఈ లెక్క కాగితం మీద పెట్టిన రోజే తెప్పలను వరసలో చివరికి జరిపి, మురుగు ఎక్కడ కలుస్తోందో పట్టుకోవడాన్ని ముందుకు తెచ్చాం. చాలా చెరువుల దగ్గర తెప్పలు వేసి ఫొటోలు దిగాక నీళ్లు మారకపోవడానికి కారణం మొక్కల్లో లేదు. ఎగువన లెక్క వెయ్యకపోవడమే కారణం.

4వ, 5వ వారాలు: వాహకత, అమ్మోనియా

వాహకత అంటే నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందన్న కొలత, కరిగిన లవణాలు పెరిగితే అదీ పెరుగుతుంది. దాని మీటరు జేబులో పట్టేంత, ధర తక్కువ, చెప్పేది మాత్రం చాలా. 1413 మైక్రోసీమెన్స్ ద్రావణంతో సరిచూసి, ఎగువ కల్వర్టు నుంచి ఇరవై మీటర్లకు ఒకటి చొప్పున రీడింగు తీస్తూ దిగువకు నడవాలి. అంకెలు సాఫీగా పోతూ పోతూ ఒక్కచోట ఎగిరితే, ఆ ఇరవై మీటర్లలో ఏదో కలుస్తోందన్న మాట. మొదటిసారి నడిచింది పదకొండు గంటలకు, తేడా మసగ్గా కనిపించింది. ఇళ్లలో స్నానాలు, వంటింటి కడుగుళ్లు జరిగే ఏడు, తొమ్మిది గంటల మధ్య మళ్లీ నడిస్తే రెండో పాయింటుకీ మూడో పాయింటుకీ మధ్య గెంతు స్పష్టంగా తేలింది.

అమ్మోనియాకు సాలిసిలేట్ కిట్టు వాడుతున్నాం. నెస్లర్ కిట్టులో పాదరసం ఉంటుంది, దాని వ్యర్థం ఎక్కడ పారెయ్యాలన్నది ఇంకో తలనొప్పి. అక్వేరియం కిట్ల రంగుల పట్టీ సాధారణంగా 8 దగ్గర ఆగిపోతుంది. మురుగులో అది 20 నుంచి 50 దాకా ఉండొచ్చు. నేరుగా కొలిస్తే 8 అయినా 40 అయినా అదే ముదురాకుపచ్చ. నమూనా 1 మి.లీ.కి డిస్టిల్డ్ వాటర్ 9 మి.లీ. కలిపి, వచ్చిన అంకెను పదితో గుణించాలి. ఆర్వో నీళ్లు వాడితే ముందుగా వాటినే విడిగా పరీక్షించుకోవాలి.

పీహెచ్ కూడా పక్కనే రాసుకోవాలి. చేపలను చంపేది మొత్తం అమ్మోనియా కాదు, అందులో విడి రూపంలో ఉన్న భాగం. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే ఆ భాగం అర శాతం, 8 అయితే 5 శాతం, 9 అయితే 36 శాతం. నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం పీహెచ్ 9 దాటడం మామూలే. పొద్దున ఆక్సిజన్ లేక, మధ్యాహ్నం అమ్మోనియా ఎక్కువై, రెండు పూటలా చేపకు ఊపిరాడదు.

6వ వారం: దూదితో దొంగ పైపు

రెండో, మూడో పాయింట్ల మధ్య గోడలోంచి బయటికొచ్చిన పైపులు పదకొండు. వాన నీటి పైపులన్నీ పొడిగా ఉండాలి, ఎండాకాలం కదా. నాలుగింటిలో నీరు ఉంది. అవి ఏ నీళ్లు? బోరు నీళ్లు పొర్లి రావచ్చు, ఏసీ నీళ్లు కావచ్చు, కారు కడిగినవి కావచ్చు.

బట్టల సబ్బు పొడుల్లో తెలుపు మెరుపు కోసం వేసే రసాయనం అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలుగుతుంది, దూదికి అంటుకుంటుంది. దూది ఉండను దోమతెర గుడ్డలో చుట్టి, ప్రతి పైపు నోట్లో నైలాన్ దారంతో మూడు రోజులు వేలాడదీశాం. తర్వాత చీకటి గదిలో 365 నానోమీటర్ల టార్చి వేసి చూశాం. 395 టార్చి చవకే కానీ ఊదా వెలుతురు కళ్లను కమ్మేసి తేడా తెలియనివ్వదు. దూది కొనేటప్పుడే టార్చి వేసి చూసుకోవాలి, షాపు దూదిలో కొన్ని రకాలు నీళ్లు తగలకముందే మెరుస్తాయి. నైలాన్ దారం కూడా మెరవొచ్చు, దాని వైపు చూడొద్దు.

రెండు పైపుల దూది వెలిగింది. ఒకటి సన్నధార, ఇంటి బట్టల మిషన్ నీళ్లు. రెండోది 300 మి.మీ. పైపు. పట్టపగలు చూస్తే నాలుగు చుక్కలు కారుతున్నట్టు ఉంటుంది, పొద్దున ఏడున్నరకు మాత్రం ధారగా పోస్తుంది.

ఎంత పోస్తోందో తేల్చడానికి 20 లీటర్ల బకెట్, ఫోను స్టాప్‌వాచ్ చాలు. సరిపోల్చుకోడానికి ఒక కొలబద్ద: మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, అందులో 80 శాతం మురుగుగా బయటికొస్తుందని ఇంజనీర్ల లెక్క. వంద ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు 43 వేల లీటర్లు, సగటున సెకనుకు అర లీటరు. అంటే బకెట్ నలభై సెకన్లలో నిండితే వెనక ఒక వంద ఫ్లాట్ల మురుగున్నట్టు. మనది ఎత్తిపెట్టిన క్షణాల్లోనే నిండింది.

ఫ్లోరెసిన్ రంగు ఎగువ మ్యాన్‌హోల్‌లో, సిబ్బంది మూత తీసినప్పుడు, చిటికెడు వేయించాం. పావుగంటలోపే పైపులోంచి పచ్చగా మెరుస్తూ దిగింది. కారణం తేలింది: మురుగు లైను దిగువన పూడుకుపోయి ఉంది. నూనె గడ్డలు, గుడ్డపీలికలు, కవర్లు. నీరు ఛాంబర్‌లో పైకి ఎక్కి, గోడకు ఎత్తులో ఉన్న పాత కన్నం గుండా వరద కాలువలోకి దూకుతోంది. లైను ఖాళీగా ఉన్నప్పుడు కన్నంలోంచి చుక్క రాదు. పగటి తనిఖీలో దొరకకపోవడానికి కారణం అదే. ఈ మురుగు పోవాల్సింది ట్రంకు లైను పట్టుకుని శుద్ధి కేంద్రానికి. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చెయ్యగల కేంద్రం ఉంది. ఎంత పెద్ద కేంద్రం కట్టినా, అక్కడిదాకా చేరని లీటరును అది శుద్ధి చెయ్యలేదు.

8వ వారం

మురుగు లైన్ల పూడిక తీసే ఎయిర్‌టెక్ మిషన్ వచ్చి లైను శుభ్రం చేసింది. కన్నం మూయలేదు. పొద్దుటి ధార ఆగింది, మూడో పాయింటులో అమ్మోనియా రంగు రెండు మెట్లు దిగింది. కన్నం మూసేదాకా దీన్ని గెలుపు ఖాతాలో రాయడం లేదు. లైను మళ్లీ పూడితే ధార మళ్లీ మొదలవుతుంది.

9వ వారం: నీటిమట్టం రికార్డర్

ఆ ధార మళ్లీ వస్తే తెలియాలి కాబట్టి కల్వర్టు కింద రికార్డర్ బిగించాం. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ధ్వని ప్రతిధ్వనితో దూరం కొలిచే, నీళ్లకు తట్టుకునే జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ అల్ట్రాసోనిక్ సెన్సర్, డీఎస్18బీ20 ఉష్ణోగ్రత ప్రోబ్‌కు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, 18650 బ్యాటరీ. సెన్సర్ ఎకో పిన్ 5 వోల్టులు ఇస్తుంది, బోర్డు 3.3కే తట్టుకుంటుంది. మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించకపోతే పిన్ను కాలుతుంది. సెన్సర్‌కు ముందున్న పాతిక సెంటీమీటర్లలో అది ఏమీ చూడలేదు కాబట్టి వరద మట్టానికి కూడా అంతకంటే ఎత్తులో ఉండాలి.

మొదటి మూడు రోజుల గ్రాఫులో రోజూ మధ్యాహ్నం నీరు పెరిగి రాత్రికి తగ్గింది. నిజంగా పెరగలేదు. గాలి 20 నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే ధ్వని వేగం సెకనుకు 343 నుంచి 355 మీటర్లకు పెరుగుతుంది, మూడున్నర శాతం. సెన్సర్ నుంచి నీటికి 1.5 మీటర్లు ఉంటే తేడా 5 సెం.మీ. నీటి లోతే 10 సెం.మీ. అయినప్పుడు ఇది సగం. ఉష్ణోగ్రత ప్రోబ్‌ను సెన్సర్ పక్కనే నీడలో పెట్టి, 331.3కు ప్రతి డిగ్రీకి 0.606 చొప్పున కలిపే సూత్రాన్ని కోడ్‌లో వేశాక ఆ దొంగ అల పోయింది.

బ్యాటరీ వారంలోపే దిగింది. చిప్పు నిద్రలో పీల్చేది మైక్రోఆంపియర్లే అయినా, బోర్డు మీది ఎర్ర లైటు, రెగ్యులేటరు మిల్లీఆంపియర్లు తింటున్నాయి. లైటు ఊడదీసి, సెన్సర్‌కు కరెంటు రీడింగు వేళే అందేలా మాస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్) పెట్టాం. సెన్సర్ ముఖం మీద సాలీడు గూడు పడితే రీడింగు ఒక్క అంకె దగ్గరే ఇరుక్కుంటుంది, పదిహేను రోజులకోసారి తుడవాలి.

12వ వారం: తొలకరి, చెత్త అడ్డు

ఊచల జాలి పెడదామని అనుకున్నా మానేశాం. వరదలో కవర్లు ఒక్కటై జాలిని మూసేస్తే నీరు ఇళ్లలోకి ఎక్కుతుంది. దాని బదులు తేలే అడ్డు: రెండు వైపులా బిరడాలు అతికించిన 110 మి.మీ. పీవీసీ పైపులు, కింద పాతిక సెంటీమీటర్ల వల, వల అంచుకు బరువుగా గొలుసు. ప్రవాహానికి అడ్డంగా కాదు, ఏటవాలుగా 45 డిగ్రీల్లో, చెత్త జారి చెయ్యి అందే గట్టు వైపు చేరేలా. దిగువ కొస స్టీలు తాడుతో గట్టుకు. ఎగువ కొస మాత్రం 4 మి.మీ. నైలాన్ తాడుతో. వరద ఒత్తిడికి ఆ సన్నతాడు తెగి, అడ్డు తలుపు తెరుచుకున్నట్టు గట్టు పక్కకు ఒరుగుతుంది.

మొదటి వాన నలభై నిమిషాలు. తాడు తెగలేదు. వలలో పాల ప్యాకెట్లు, ధర్మాకోల్ పళ్లేలు, గుట్కా పొట్లాలు, పూజ పూలు కవరుతో సహా ముడి విప్పకుండా, ఒక కాలి చెప్పు. కవరు ముడి విప్పితే చామంతులు లోపల నల్లగా నానిపోయి ఉన్నాయి. పూలు తడి చెత్తకు పోతాయి, కవరు లేకపోతే ఎరువవుతాయి. ఆ ముడి ఒక్కటే ఎరువును మురుగు చేసింది.

చెత్త తియ్యకుండా ఒక్క రాత్రి వదిలితే నీరు ఎగదన్ని రికార్డర్ మట్టం పెరిగినట్టు చూపుతుంది, ప్రవాహం మాత్రం పెరగదు. ఆ గంటల డేటా లెక్కలోంచి తీసేస్తున్నాం.

15వ వారం: ఇప్పుడు తెప్పలు

110 మి.మీ. పైపుతో 2 మీటర్లు, 1 మీటరు చట్రం. చుట్టుకొలత 6 మీటర్లు, మీటరుకు తొమ్మిదిన్నర లీటర్ల చొప్పున తేల్చే శక్తి 57 కిలోలు. పైపు సొంత బరువు అందులోంచే పోవాలి. దాని మీద 3 సెం.మీ. మందాన కంకర పరిస్తే బరువు 90 కిలోలు, మునుగుతుంది. 2018లో నెక్నాంపూర్ చెరువులో వేసిన తెప్పకు వెదురు, ధర్మాకోల్, గోనె, కంకర పొరలుగా వాడారు. అక్కడ బరువును ధర్మాకోల్ మోసింది. ధర్మాకోల్ ముక్కలై చేపల కడుపులోకి పోతుందని ఇక్కడ వద్దనుకున్నాం, కంకర బదులు కొబ్బరి పీచు చాప, కింద నైలాన్ వల.

మొక్కలు 25 సెం.మీ. ఎడంతో, తెప్పకు 32. మెట్టతామర, వట్టివేరు. జమ్ము వేస్తే పైబరువు ఎక్కువై గాలికి తెప్ప ఒరుగుతుంది. నర్సరీ నుంచి తెచ్చినవి నేరుగా నాలా నీటిలో పెడితే వేళ్లు కుళ్లుతాయి. తొట్టిలో సగం నాలా నీరు, సగం మంచి నీరు పోసి రెండు వారాలు అలవాటు చేశాం. తాడు బిగించి కట్టొద్దు, నీరు పెరిగినప్పుడు తెప్ప ఒక పక్క మునిగిపోతుంది. పాతిన గుంజకు వదులు రింగు తొడిగి, పైకీ కిందికీ జారేలా పెట్టాం.

రెండు, మూడు నెలలకోసారి పైభాగం కొయ్యాలి. కొయ్యకపోతే ఆకు కుళ్లి, పీల్చిందంతా మళ్లీ నీళ్లలోకే. కోసింది పశువులకు వెయ్యొద్దు, మొక్కలోకి ఏ లోహాలు ఎక్కాయో పరీక్షించకుండా. మూసీ వెంట మురుగునీటితో పెంచే పచ్చగడ్డి పాల గేదెలకు పోతున్న సంగతి తెలిసిందే.

గట్ల మీద రెండు మీటర్ల మేర వట్టివేరు 15 సెం.మీ. ఎడంతో నాటుతున్నాం. 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు 2 మీటర్ల బఫర్ ఉండాలని 2012 నాటి 168 జీఓ చెబుతోంది. అందులో ఇప్పుడున్నవి గ్యారేజీ గోడ, రెండు కుప్పల పూడిక. తీసిన పూడికను గట్టు మీదే వదిలితే మొదటి వానకే తిరిగి లోపలికి జారుతుంది. దాన్ని తరలించమని అర్జీ పెట్టాం, కుప్పల ఫొటోలు తేదీలతో జతచేశాం.

16వ వారం

శనివారం తెల్లవారుజామున మూడో పాయింటు దగ్గర వింక్లర్ సీసా. ముద్ద అంచున లేత గోధుమ రంగు. టైట్రేట్ చేసేంత ఉంది, చేశాం, 1 మి.గ్రా. లోపే. నాలుగో పాయింటులో ఇంకా తెలుపే. కన్నం ఇంకా మూయలేదు. రికార్డర్ బుధవారం ఉదయం 7:20కి మట్టం ఎగిరినట్టు చూపించింది, వాన లేదు, వలలో చెత్త లేదు. సోమవారం మళ్లీ దూది వెయ్యాలి, ఈసారి 300 మి.మీ. పైపుతో పాటు దాని పైనున్న మూడింటికీ.